చుక్కలమ్మ మర్చిపోయిన చుక్క

మనలో ఎవరికైనా కష్టం ముంచుకొస్తే పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి. ఆవిడకు జీతం ఇచ్చేదే పట్టపగలు చుక్కలు చూడటానికి. ముప్పై ఆరేళ్లుగా ప్రతి ఉదయం పది గంటలకు వెచ్చని పెట్టెలోంచి గాజు పళ్లేలు తీసి, కింద దీపం వెలిగే అద్దం మీద ఒక్కొక్కటే పెట్టి, వాటిలో మొలిచిన చుక్కలు లెక్కపెట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ నీటి పరీక్షశాలలో ఆవిడ అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వ్యాను డ్రైవరు మొదలుకొని పై అంతస్తు గుమాస్తా దాకా అందరికీ ఆవిడ చుక్కలమ్మే.

ఒక్కో చుక్కా రెండు రోజుల కిందట కంటికి ఆనని ఒకే ఒక్క బ్యాక్టీరియా. బతికున్నదాన్ని తిండి మీద కూర్చోబెట్టి, వెచ్చగా ఉంచి, కదిలించకుండా వదిలేస్తే అది పిల్లల్నీ, పిల్లల పిల్లల్నీ పెట్టి ఆవగింజంత గుంపవుతుంది. చచ్చినదానికి ఎంత మంచి తిండి పెట్టినా లేచి కూర్చోదు. కాబట్టి నీళ్లలో బతికున్నవి ఎన్నో తెలియాలంటే చుక్కలు లెక్కపెట్టాలి. సంగతి ఇంతే. ఇంత సంగతికి ఒక మూడంతస్తుల మేడా, పధ్నాలుగు మంది సిబ్బందీ, ఎప్పుడు చూసినా మరమ్మతులో ఉండే ఒక లిఫ్టూ ఉన్నాయి.

ఆ పేరుకు ఇంకో రకం చుక్క కూడా కారణం. నీళ్లు పట్టే సీసాలో ముందుగానే ఒక చుక్క మందు వేయాలి. ఎందుకంటే టాంకు నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. కుళాయి కింద సీసా నింపగానే ఆ క్లోరినూ నీళ్లతో పాటే సీసాలోకి వస్తుంది. వ్యాను ఊరంతా తిరిగి పరీక్షశాలకు చేరేసరికి మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ అది సీసాలో తీరిగ్గా కూర్చుని, బతికున్నవాటిని కూడా చంపేస్తుంది. అప్పుడు పళ్లెంలో ఏమీ పెరగదు, నీళ్లు భేషుగ్గా ఉన్నాయని కాగితం వెళ్తుంది, అక్కడ కుళాయిలోంచి బతికున్నవి బతికున్నట్టే పారుతుంటాయి. ఆ ఒక్క చుక్క మందు ఉంటే సీసాలో క్లోరిన్ ఆటకడుతుంది. నీళ్లు పట్టిన క్షణాన ఏవి ప్రాణంతో ఉన్నాయో అవి ప్రాణంతోనే బల్ల మీదికి వస్తాయి. చుక్క వేసిన ప్రతి సీసా మూత మీదా ఆవిడ నీలం పెన్సిలుతో ఒక గీత గీసేది. గీత లేని మూత సీసాల గది గడప దాటి ఎరగదు.

ఆవిడకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నదానికి పెద్ద కథేమీ లేదు. రెండు సంబంధాలు వచ్చాయి, రెండూ తప్పిపోయాయి, ఆ తర్వాత ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. తల్లీ కూతుళ్లు రెండు గదుల వాటాలో ఇరవై రెండేళ్లు కాపురమున్నారు. ఏటేటా తల్లికి చెవులు మందగించాయి, ఏటేటా కూతురి గొంతు పెరిగింది. "అమ్మా, మంచినీళ్లు కావాలా?" అని అడిగితే వీధి చివరి ఇంటివాళ్లకు దాహం వేసేది. నాలుగేళ్ల కిందట తల్లి పోయింది. గొంతు మాత్రం దిగలేదు. అన్నేళ్లు అరిచిన గొంతు, ఎవరి కోసం అరిచిందో ఆ మనిషి పోయినంత మాత్రాన ఎలా దిగుతుంది?

పరీక్షశాలలో ఆ గొంతే ఆవిడ కొంప ముంచింది. "టీ తాగావా బాబూ?" అని డ్రైవరును పలకరిస్తే, ఇంతసేపూ టీలు తాగుతూ కూర్చున్నావా అని కసురుకున్నట్టుండేది. కొత్తగా చేరిన అమ్మాయి "ఆ పళ్లెం ఇలా ఇవ్వమ్మా" అని ఆవిడ అన్న మాటకే కళ్లనీళ్లు పెట్టుకుంది. గయ్యాళి అని ముద్ర పడింది. ఆ ముద్ర ఒకసారి పడిందంటే చెరగదు; దాన్ని చెరపడానికి మాట్లాడబోతే ఇంకాస్త గట్టిగా పడుతుంది. గొంతు తగ్గించి చూసింది. ఎవరో పరాయి మనిషి తన నోటితో మాట్లాడుతున్నట్టు అనిపించి మానేసింది. చివరికి మాటలే తగ్గించుకుంది.

భోజనం తన బల్ల దగ్గరే, గోడ వైపు తిరిగి. సాయంత్రం ఇంటికెళ్లి తాళం తీశాక, మర్నాడు బస్సు కండక్టరుకు దిగే స్టాపు చెప్పేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు. తమ్ముడు నెలకోసారి ఫోను చేసి, "ఒంట్లో బాగుందా అక్కా?" అని అడిగి, ఆవిడ జవాబు మొదలుపెట్టగానే ఫోను చెవికి దూరంగా పట్టుకునేవాడు. అవతల మరదలి మాటలు స్పష్టంగా వినపడటాన్ని బట్టి ఆ సంగతి ఆవిడకు తెలిసిపోయేది. ఇల్లు ఖాళీగా ఉన్నందుకు ఆవిడ అంతగా కుమిలిపోలేదు. తన గొంతు వినగానే మనుషులు ముడుచుకుపోతారే, అది కోసేసేది. మిగిలినవి పళ్లేలు. "ఏమర్రా, ఇవాళ ఇంతమందేనా?" అని వాటిని అడిగేది. అవి ముడుచుకుపోయేవి కావు.

ఈ వేసవి మొదట్లో సీసాలు కడగడానికి కొత్త మనిషి వచ్చింది. యాభై దాటినావిడ. పద్దెనిమిదేళ్లు నూలు మిల్లులో యంత్రాల మధ్య పనిచేసింది; మిల్లు మూతపడింది, ఆ లోపు యంత్రాల మోతకు ఆవిడ చెవులు సగం మూతపడ్డాయి. ఆరునెలల ఒప్పందం మీద ఇక్కడ చేరింది. అందరూ మిల్లక్క అనేవారు. మొదటిరోజు చుక్కలమ్మ ఎప్పటి గొంతుతోనే, "సీసాలు బోర్లించి ఆరబెట్టాలమ్మా!" అనేసి, అన్నాక నాలుక కరుచుకుంది. ఇంకేముంది, ఈవిడా బిక్కమొహం వేస్తుంది అనుకుంది.

మిల్లక్క మొహం చేటంతయింది.

"అమ్మయ్య! ఈ ఆఫీసులో ఒక్కరైనా మనుషుల్లా మాట్లాడేవాళ్లు దొరికారు మేడం. మిగతావాళ్లంతా గుసగుసలే. ఏం చెబుతున్నారో తెలీక అన్నిటికీ తలూపుతున్నాను."

చుక్కలమ్మ ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లింది. స్టవ్ ముందు నిలబడి, ఎవరూ లేకపోయినా పైకే అనుకుంది: మనుషుల్లా మాట్లాడేవాళ్లు. నాలుగేళ్లలో తన గొంతు గురించి ఎవరూ మంచి మాట అనలేదు.

అయితే వాళ్లిద్దరూ పనిచేసే సీసాల గదిలో మాట్లాడకూడదు. గోడకు కాగితం అంటించి ఉంది: "ఈ గదిలో మాటలు నిషేధం." అంతకుముందు అక్కడ పనిచేసినావిడ ఫోనులో కబుర్లాడుతూ కడిగిన సీసాలనూ కడగని సీసాలనూ కలిపేసింది. ఇన్‌ఛార్జి ఆ రోజే ఆమెను పంపించేసి ఈ కాగితం అంటించాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, చదువుకున్నవాడు, చెడ్డవాడేం కాదు. రూలు పెట్టాక దాన్ని పాటించకపోతే రాత్రి నిద్రపట్టని రకం. అంచేత మిల్లక్క, చుక్కలమ్మ వసారాలో చేతులు తుడుచుకుంటూ రెండు మాటలు, టీ గ్లాసులు కడుక్కుంటూ నాలుగు మాటలు అనుకునేవాళ్లు. ఆ ఆరు మాటల కోసం చుక్కలమ్మ పొద్దున్నే ముందు బస్సు ఎక్కడం మొదలుపెట్టింది.

ఆ నెలాఖరుకు ఆవిడ రిటైరవ్వాలి. ఇంట్లో ఏం చేస్తుంది? ఎవరిని పిలుస్తుంది? ఇన్‌ఛార్జి తనంతట తనే అన్నాడు: "ఇంకో రెండేళ్లు ఒప్పందం మీద ఉంచమని రాస్తున్నాను మేడం. మీ చెయ్యి తప్పదు, మాకు అది చాలు." ఆ ఫైలు ఆయన బల్ల మీద సంతకం కోసం ఉంది. దానిలో ఒక గడి ఉంది: "చేతి పనిలో పొరపాట్లు." దానికి ఎదురుగా "లేవు" అని టైపు చేసి ఉంది. చుక్కలమ్మ ఆ కాగితం తలకిందులుగా కూడా చదివేసింది.

ఇక ఆ సోమవారం.

ఊరి పెద్దాసుపత్రిలో కాలిన గాయాల వార్డు ఇరవై రోజులుగా మూతపడి ఉంది. రోగుల పుళ్లు చీము పట్టడం మొదలైతే నీళ్ల మీద అనుమానం వచ్చి మూసేశారు. టాంకు కడిగారు, మళ్లీ కడిగారు, క్లోరిన్ దండిగా వేశారు. పరీక్షశాల కాగితం ఇస్తే గురువారం తలుపులు తెరుస్తారు. ఆ వార్డు కుళాయిల నుంచి నీళ్లు పట్టడానికి ఆరు సీసాలు కావాలి. ఉదయం ఎనిమిదింటికి సీసాల గదిలో చుక్కలమ్మ ఆరు సీసాలూ వరసగా పేర్చి, మూతలు తీసి, చుక్కమందు బుడ్డి దగ్గరికి లాక్కుంది. వసారాలో ఎవరూ లేరు. ఇన్‌ఛార్జి ఇంకా రాలేదు.

"మేడం, నిన్న మా ఇంటికి ఎవరొచ్చారో చెప్పుకోండి" అంది మిల్లక్క.

"ఎవరు?"

"మా తోడికోడలు! తొమ్మిదేళ్లయింది మాటల్లేక. కుట్టుమిషను పట్టుకుని గుమ్మంలో నిలబడింది."

"కుట్టుమిషను పట్టుకునా? నెత్తి మీద పెట్టుకొచ్చిందా ఏంటి?"

"ఆటోలో తెచ్చింది లెండి. మా అత్తగారి మిషను అది. ఆవిడ పోయాక నాదంటే నాదని ఇద్దరం నోళ్లు జారాం. తను పట్టుకుపోయింది. ఆ రోజు నుంచి ఒకే వీధిలో ఉన్నా మొహమొహాలు చూసుకోలేదు. నిన్న తెచ్చి గుమ్మంలో దించి, 'ఇదిగో నీ మిషను' అని తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు."

చుక్కలమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. బుడ్డి పక్కకు జరిపి మోచేతులు బల్ల మీద ఆనించింది. "తర్వాత?"

"తర్వాత మూత తీసి చూద్దును కదా మేడం, మిషను తుడిచి, నూనె వేసి, కొత్త బెల్టు తగిలించి ఉంది. కోపం ఉన్న మనిషి బెల్టు మారుస్తుందా?"

"మార్చదు! చచ్చినా మార్చదు!" అంది చుక్కలమ్మ. ఆ మాట గదంతా మోగింది, ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆవిడకే తెలియదు. "నువ్వే వెళ్లి పలకరించు. నీదేం పోయింది?"

"వెళ్లమంటారా? వెళ్తే మొహం మీద తలుపు వేస్తే?"

"వేస్తే వేయనీ. తలుపు వేయడానికైనా నీ ఎదురుగా వచ్చి నిలబడాలి కదా!"

కింద వ్యాను హారను మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. చుక్కలమ్మ గబగబా ఆరు మూతలూ బిగించి, సీసాలు ఐసు పెట్టెలో సర్ది, డ్రైవరుకు అందించింది. ఆ రోజంతా ఆవిడకు కాళ్లు నేలమీద ఆనలేదు. తనను ఒకరు సలహా అడిగారు.

మంగళవారం మిల్లక్కను పై అంతస్తులో అలమరాలు దులపడానికి పంపారు, కనిపించలేదు. బుధవారం పదింటికి పళ్లేలు బయటికి తీస్తే ఆరూ శుభ్రంగా, పాలమీగడలా నున్నగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు. ఎదురుగా రిజిస్టరులో "పెరగలేదు" అని ఆరుసార్లు రాసింది.

ఇన్‌ఛార్జి ఆ పాటికి తన కొత్త మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాడు. అది వచ్చి నెల కూడా కాలేదు. ఇంటికి కొత్త కోడలొచ్చినట్టు దాని మీద ఈగ వాలనివ్వడు. పెరిగేదాకా రెండు రోజులు ఆగక్కర్లేకుండా బతికినవీ చచ్చినవీ అరగంటలో చెప్పేస్తుందని ఆయన మురిపెం. అందులో తిరకాసేం లేదు. నీళ్లలో రెండు రంగులు కలుపుతారు. ఆకుపచ్చ రంగు ప్రతి బ్యాక్టీరియా లోపలికీ వెళ్తుంది. ఎర్ర రంగు మాత్రం పైపొర చిరిగినవాటిలోకే దూరగలదు. అద్దంలో ఆకుపచ్చగా మెరిస్తే బతికున్నట్టు, ఎర్రబడితే చచ్చినట్టు.

"రండి మేడం, చూడండి. మీ పళ్లెం ఏం చెప్పిందో నా మైక్రోస్కోపూ అదే చెప్పింది. ఒక్క ఆకుపచ్చది లేదు. అన్నీ ఎరుపే. ఇక సంతకం పెట్టేయడమే."

చుక్కలమ్మ కన్ను ఆనించింది. నల్లటి నేల మీద ఎర్రని రవ్వలు. ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులు. కొన్నిచోట్ల ఒకదానికొకటి అంటుకుని, ఏదో గోడకు పట్టిన పాకుడు ఊడివచ్చినట్టు పెళ్లలుగా ఉన్నాయి. ఆవిడ చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇన్ని ఎక్కడివి సార్?"

"చచ్చినవే కదా మేడం."

"చచ్చినవే. రెండుసార్లు కడిగి పారబోసిన టాంకులో ఇన్ని శవాలెక్కడివని అడుగుతున్నాను. ఎప్పుడు చచ్చాయి ఇవి?"

ఇన్‌ఛార్జి నవ్వాడు. "అది ఈ రంగు చెప్పదు మేడం. చచ్చాయా లేదా అనే చెబుతుంది. మనకు కావలసిందీ అదే." ఆయన కాగితం టైపు చేయించడానికి లేచాడు.

ఎప్పుడు చచ్చాయన్న ప్రశ్న నోటినుంచి వచ్చేదాకా దానికి జవాబు తన దగ్గరే ఉందని ఆవిడకు తెలియలేదు. సీసాల గదిలోకి వెళ్లి, మిగిలిన నీళ్లతో అలమరాలో ఉంచిన ఆరు సీసాలూ తీసింది. మూతల మీద నీలం గీత లేదు. ఒక్కదాని మీదా లేదు. సోమవారం మధ్యాహ్నం అవి తిరిగొచ్చినప్పుడు అందుకున్నదీ ఆవిడే. ముప్పై ఆరేళ్లు గీత ఉన్న మూతలనే చూసిన కళ్లు, లేని గీతను కూడా చూసేశాయి. నమ్మలేక ఒక సీసాలో నీళ్లు కాసిని గ్లాసులో పోసి, క్లోరిన్ ఉందో లేదో తేల్చే బిళ్ల వేసింది. చుక్క వేసి ఉంటే రంగు రాకూడదు. నీళ్లు గులాబీ రంగులోకి తిరిగాయి.

అవి సీసాలో చచ్చాయి. కుళాయి దగ్గర బతికే ఉన్నాయి.

ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఇక తెలియదు కూడా. పళ్లేలు ఖాళీ, మైక్రోస్కోపు ఎరుపు. రెండు సాక్ష్యాలూ తన వైపే ఉన్నాయి. నీళ్లు పారబోసి మూతల మీద గీతలు గీస్తే కథ కంచికి వెళ్లినట్టే. మూతలు వదులయ్యాయని చెప్పి మళ్లీ నీళ్లు తెప్పిస్తే? మూత వదులైతే బయటివి లోపలికి వస్తాయి తప్ప లోపలివి చావవు. ఇన్‌ఛార్జికి ఆ మాత్రం తెలుసు. వార్డు తెరవడం ఆగాలంటే చెప్పాల్సిన మాట ఒక్కటే. ఆ మాట చెబితే ఫైలులో "లేవు" అన్నది చెల్లదు. నెలాఖరు తర్వాత ఎవరూ పిలవని ఇల్లు. ఆవిడ తన పాలిటి భయాన్ని బాగా ఎరుగును. దాన్ని పక్కన పెట్టుకుని కాసేపు ఏడ్చింది కూడా. కానీ చర్మం లేని ఒంటి మీద ఆ నీళ్లు పోస్తారన్న ఊహ వచ్చాక, ఇక ఏడుపు సాగలేదు.

మూడు గంటలకు గులాబీ నీళ్ల గ్లాసు చేత్తో పట్టుకుని ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లింది. ఆయన పెన్ను మూత తీస్తున్నాడు.

"సంతకం పెట్టకండి సార్. సోమవారం సీసాల్లో నేను చుక్క వేయలేదు."

ఆయనకు గ్లాసు చూడగానే అర్థమైంది. పెన్ను పక్కన పెట్టేశాడు.

"ఆరింటిలోనూనా?"

"ఆరింటిలోనూ."

"మీరు మర్చిపోవడమేంటి మేడం? ఎందుకు మర్చిపోయారు?"

ఎందుకు మర్చిపోయింది! ఎవరో నాతో మాట్లాడారు సార్. నా గొంతు విని పారిపోకుండా నా ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పారు. బాగుంది సార్. అంత బాగుండి చాలా ఏళ్లయింది, అందుకని మర్చిపోయాను. ఇవేవీ నోటిదాకా రానివ్వలేదు. గోడకు అంటించిన కాగితం ఆవిడకు గుర్తుంది, అంతకుముందు సీసాలు కడిగినావిడ చెప్పులు వేసుకుని మెట్లు దిగడమూ గుర్తుంది.

"వయసు సార్," అంది. "ఈమధ్య గుర్తుండటం లేదు."

ఇన్‌ఛార్జి మొహం మెత్తబడింది. ఆయన కసిరి ఉంటే ఆవిడ తట్టుకునేది. "అర్థమైంది మేడం. మీరేం బాధపడకండి. చెప్పారు, అదే చాలా గొప్ప" అన్నాడు. అంటూనే బల్ల మీద ఉన్న ఫైలు తీసి సొరుగులో పెట్టాడు. ఈమధ్య గుర్తుండని చేతికి రెండేళ్లు ఎవరిస్తారు? ఆయన స్థానంలో ఆవిడ ఉన్నా ఇచ్చేది కాదు.

గురువారం మళ్లీ నీళ్లు పట్టారు, ఈసారి చుక్కలు వేసిన సీసాల్లో. శనివారం పదింటికి చుక్కలమ్మ పళ్లేలు తీసింది. రెండింటిలో ఇసుక చల్లినట్టు మొలిచాయి, లెక్కకు అందలేదు. మిగతా నాలుగూ లెక్కపెట్టింది. నూట నలభై, నూట తొంభై ఒకటి, ఎనభై ఎనిమిది, రెండు వందల ఆరు. పైకే, ఎప్పటి గొంతుతోనే లెక్కపెట్టింది. తన మాట నిజమైనందుకు సంతోషించాలో, తన బతుకు ఇలా అయినందుకు ఏడవాలో తెలియక, లెక్క మాత్రం తప్పకుండా పెట్టింది. ఆసుపత్రిలో గోడ పగలగొట్టి చూస్తే టాంకు నుంచి వార్డుకు వచ్చే పాత పైపులో వేలి మందాన జిగురు పట్టి ఉంది. క్లోరిన్ నీళ్లు ఆ జిగురు మీదుగా జారిపోతూ దాని పెళ్లలు కుళాయి దాకా మోసుకొచ్చేవి. పైపు మార్చారు, వారం రోజులకు వార్డు తెరిచారు. ఆసుపత్రి నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. అందులో కొత్త మైక్రోస్కోపును రెండుసార్లు పొగిడారు. చుక్క మాట ఎక్కడా లేదు, చుక్కలమ్మ మాట అసలే లేదు.

ఆఖరు రోజు సాయంత్రం అందరూ మేడమీద గదిలో చేరారు. టీలిచ్చారు. ఒక గోడగడియారం ఇచ్చారు. ఇన్‌ఛార్జి ఆవిడ నిజాయితీ గురించి నాలుగు మాటలు మాట్లాడాడు, ఆ నిజాయితీ ఎక్కడ చూపించిందో చెప్పకుండా మర్యాద పాటించాడు. ఆవిడను మాట్లాడమంటే "సంతోషం" అని ఒక్క మాట అంది. వెనక వరసలో ఎవరో ఆ మాటకే ఉలిక్కిపడ్డారు.

తన ఏప్రాను తీసుకోవడానికి సీసాల గదిలోకి వెళ్తే మిల్లక్క అక్కడే కాచుకుని ఉంది. ఈ పన్నెండు రోజులూ చుక్కలమ్మ ఆమెకు ఎదురుపడకుండా తిరిగింది.

"ఆ సోమవారం సీసాలట కదా మేడం. డ్రైవరు ఇప్పుడే చెప్పాడు. అప్పుడు మిమ్మల్ని మాటల్లో పెట్టింది నేనే."

"కాదు."

"కాకపోవడమేంటి? చుక్కమందు బుడ్డి మీ ముందే ఉంది. మీరు దాన్ని పక్కకు జరిపి నా కథ వింటూ కూర్చున్నారు. నేను చూశాను కదా. ఇప్పుడే సారు దగ్గరికి వెళ్తాను. మేడానిది వయసూ కాదు, ఏమీ కాదు, తప్పు నాదని చెప్తాను. మిమ్మల్ని ఉంచుకుంటారు."

ఉంచుకోరు. చుక్కలమ్మకు ఆ సంగతి పళ్లెంలో చుక్కంత స్పష్టంగా తెలుసు. రూలు రూలే; తనను తిరిగి పిలవరు, ఈవిడను ఇవాళే పంపించేస్తారు. ఒప్పందంలో ఇంకా మూడు నెలలుంది, ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు పొడిగిస్తారన్న ఆశ ఉంది.

"నేను నీ మాటలు వినలేదు" అంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆవిడ గొంతు నిజంగానే సన్నగా వచ్చింది.

"ఏంటి మేడం? వినపడలేదు."

తలుపు అవతల వసారాలో జనం టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. చుక్కలమ్మ ఊపిరి పీల్చుకుంది. తల్లితో మాట్లాడిన గొంతు తీసింది.

"నేను వినలేదన్నాను! నువ్వు ఏదో చెప్పుకుంటూ పోయావు, నా పని నేను చూసుకున్నాను! నువ్వేం మాట్లాడావో నాకు గుర్తే లేదు! మర్చిపోయింది నేను, మధ్యలో నీకేం సంబంధం?"

వసారాలో గ్లాసుల చప్పుడు ఆగింది. వెళ్లిపోయే రోజు కూడా ఈవిడ గొంతు తగ్గదు కదా అని ఎవరో గొణిగారు. మిల్లక్కకు గొణుగుడు వినపడలేదు. చుక్కలమ్మ అన్నది మాత్రం పొల్లు పోకుండా వినపడింది.

"సరేలెండి" అంది మిల్లక్క. "మీరు వింటున్నారనుకున్నాను." కుళాయి పూర్తిగా తిప్పి, సీసాల బ్రష్షు తీసుకుని అటు తిరిగి కడగడం మొదలుపెట్టింది.

చుక్కలమ్మ ఏప్రాను మడత పెట్టింది. మడత విప్పి మళ్లీ పెట్టింది. తొమ్మిదేళ్లు, గుమ్మం, తుడిచి నూనె వేసిన మిషను, కొత్త బెల్టు, అన్నీ పూసగుచ్చినట్టు గుర్తున్నాయి. ఆ తర్వాత మిల్లక్క తోడికోడలి ఇంటికి వెళ్లిందా, తలుపు తీసిందా, ఇద్దరూ మాట్లాడుకున్నారా? ఈ పన్నెండు రోజులూ రాత్రి పడుకునే ముందు ఆవిడ తనను తాను అడిగింది అదొక్కటే. ఇప్పుడు ఆ మనిషి మూడడుగుల దూరంలో ఉంది. ప్రశ్న నాలుక చివర దాకా వచ్చింది. గుర్తే లేదన్న మనిషి దాన్ని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?